గోడలోని రిలే: పాలమూరు ఇళ్లలో స్విచ్‌బోర్డు చరిత్ర

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో కొత్తగా కడుతున్న ఇళ్లలో కొన్నింటికి స్విచ్‌బోర్డు వెనక, వైర్ల మధ్య, అగ్గిపెట్టెంత పరికరం ఒకటి చేరుతోంది. దాని పేరు స్మార్ట్ రిలే. బోర్డు బయటికి మామూలుగానే కనిపిస్తుంది. గోడ మీది స్విచ్ నొక్కినా, ఫోన్ తెర మీద తాకినా అదే దీపం వెలుగుతుంది. వసారాలో దీపం ఏ వేళకు వెలగాలో, ఏ వేళకు ఆరాలో ముందే చెప్పి పెట్టవచ్చు. ఇంటివాళ్లు హైదరాబాదులో ఉన్నా, దుబాయిలో ఉన్నా ఇల్లు చీకటిగా ఉండదు.

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకుముందు ఇవి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం; జనం నోట పాలమూరు. ఈ నేలకు రిలే కొత్తదేమీ కాదు. స్టెబిలైజరులో ఒకటి, ఇన్వర్టరులో ఒకటి, బోరు మోటారు స్టార్టరులో ఒకటి చొప్పున అది చాలా ఏళ్ల కిందటే వచ్చింది. అయితే అవన్నీ కరెంటు నిలకడ లేనందువల్ల వచ్చినవి. ఇంట్లో మనిషి లేనందువల్ల వచ్చినది స్మార్ట్ రిలే. ఆ తేడా తెలియాలంటే గోడ మీది తీగలు ఎలా మారుతూ వచ్చాయో మొదటి నుంచీ చూడాలి.

రిలే పని తీరు సులువైనదే. సన్నని రాగి తీగను చుట్టగా చుట్టి, దానిలోకి కొద్దిపాటి కరెంటు పంపితే అది అయస్కాంతమవుతుంది. ఆ అయస్కాంతం ఒక ఇనుప రేకును లాగుతుంది. రేకు కదిలినప్పుడు దాని చివరన ఉన్న లోహపు బిళ్లలు ఒకదానికొకటి తాకి, ఇంకో తీగలో పెద్ద కరెంటుకు దారి ఇస్తాయి. చుట్టలో కరెంటు ఆగగానే స్ప్రింగు రేకును వెనక్కి లాగేస్తుంది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించే ఈ ఏర్పాటును అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతంలో చేసి చూపించాడు. దూరం పోయేకొద్దీ బలం తగ్గే టెలిగ్రాఫు సంకేతాన్ని మళ్లీ బలంగా ముందుకు పంపడానికి అది పనికొచ్చింది. బల్బు ఇంకా పుట్టని కాలమది. దీపాల స్విచ్ కన్నా రిలేయే వయసులో పెద్దది.

హైదరాబాదు సంస్థానంలో విద్యుత్ శాఖ 1910లో ఏర్పడింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం 1920లో మొదలైంది. ఆ వెలుగు ప్రధానంగా రాజధానికే. నిజాం ఏలుబడిలో సంస్థానాలుగా ఉన్న గద్వాల, వనపర్తి వైపు పల్లెల్లో దీపం అంటే గూట్లో నూనె ప్రమిద, ఆ తరువాత కిరోసిన్ బుడ్డి, చేతిలో లాంతరు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో మట్టి మిద్దెలు ఎక్కువ. రాయీ మట్టీ కలిపి కట్టిన లావుపాటి గోడలో దీపపు గూడును కట్టేటప్పుడే వదిలేవారు. ఈ ఇళ్లు కరెంటును ఊహించి కట్టినవి కావు. ఇప్పటి రిలేకు కూడా ఆ గోడలు అడ్డుపడుతున్నాయి. ఆ సంగతి తరువాత వస్తుంది.

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1969లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించింది. దాని తొలి లక్ష్యం వ్యవసాయ పంపుసెట్లు. అందువల్ల చాలా ఊళ్లకు కరెంటు స్తంభాలు మొదట మోటారు కోసం వచ్చాయి, వాటి వెంట దీపం వచ్చింది. వానలు తక్కువగా పడే పాలమూరులో అది సహజమే. బాయికి కరెంటు రావడం పొయ్యి వెలగడంతో సమానం. ఇంట్లో బల్బు దాని తరువాతి మాట.

ఇంట్లోకి వచ్చిన తీగ మొదట గోడ మీదనే నడిచింది. టేకు పట్టీని మేకులతో గోడకు కొట్టి, దాని మీద తీగలను సన్నని రేకు క్లిప్పులతో బిగించేవారు. దీన్ని బ్యాటెన్ వైరింగు అంటారు. కొంచెం కలిగినవాళ్ల ఇళ్లలో చెక్క గాడిలో తీగలు పెట్టి పైన చెక్క మూత వేసే పద్ధతి ఉండేది. మట్టి గోడలో మేకు నిలవదు కాబట్టి ముందు రంధ్రం చేసి, చెక్క ముక్కను దిగగొట్టి, దానికి పట్టీని బిగించేవారు. పట్టీ చివర గుండ్రటి చెక్క దిమ్మె, దాని మీద నల్లటి బేకలైట్ స్విచ్ ఉండేవి. బేకలైట్‌ను లియో బేక్‌లాండ్ 1907లో తయారు చేశాడు. వేడికి కరగక, కరెంటును పోనివ్వక, అచ్చులో చవకగా పోయడానికి వీలుగా ఉండే ఆ పదార్థం ప్రపంచమంతటా స్విచ్ రూపాన్నే మార్చేసింది.

స్విచ్ లోపల ఉన్న స్ప్రింగుకూ ఒక చరిత్ర ఉంది. లోపలి లోహపు బిళ్లలను మెల్లగా విడదీస్తే మధ్యలో నిప్పురవ్వ సాగి వాటిని కాల్చేస్తుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ 1884లో చేసిన స్విచ్ ఎంత మెల్లగా నొక్కినా స్ప్రింగు బలంతో ఒక్కసారిగా విడిపోయేది. ఇప్పటికీ నొక్కగానే టక్కుమనే ప్రతి స్విచ్‌లోనూ ఆ సూత్రమే ఉంది. రిలే చేసే టిక్కు శబ్దానికీ కారణం అలాంటిదే: రేకు ఒక్క ఊపున కదలాలి, మధ్యలో తచ్చాడకూడదు.

పేద ఇళ్లకు బల్బు ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1988-89లో మొదలైన కుటీర జ్యోతి పథకం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు ఒకే ఒక్క దీపానికి కనెక్షన్ ఇచ్చింది. గద్వాల వైపు నేతగాళ్ల ఇళ్లలో ఆ ఒక్క బల్బు మగ్గం మీదికే వేలాడేది. పట్టు కొంగునూ నూలు చీరనూ పోగు పోగునా కలిపే పనికి వెలుతురు తప్పనిసరి. ఇంటిల్లిపాది చదువూ వంటా ఆ వెలుతురు అంచునే సాగేవి. ఒకే బల్బు ఉన్న ఇంటికి స్విచ్ కూడా ఒకటే. దాన్ని దూరం నుంచి నడపాల్సిన అవసరమే లేదు.

సిమెంటు స్లాబు ఇళ్లు పెరిగాక తీగ గోడ లోపలికి పోయింది. కాంక్రీటు పోయకముందే ఇనుప చువ్వల మధ్య ప్లాస్టిక్ పైపులు పరచడం, గోడకు గాడి కొట్టి పైపు పూడ్చడం, బోర్డు రావలసిన చోట డబ్బా బిగించడం కరెంటు మేస్త్రీ పనిలో భాగమయ్యాయి. చెక్క డబ్బా మీద సన్‌మైకా పలక, దాని మీద వరసగా పియానో స్విచ్‌లు, పక్కన ఫ్యాన్ రెగ్యులేటరు, కింద మూడు రంధ్రాల ప్లగ్గు: ఒక తరం మొత్తం ఈ బోర్డు ఎదుటే పెరిగింది. తరువాత మాడ్యులర్ స్విచ్‌లు వచ్చి చెక్క డబ్బా స్థానంలో ఇనుప డబ్బాలను తెచ్చాయి.

మన బోర్డులో స్విచ్‌ల పక్కనే ప్లగ్గు ఉండటం అలవాటు. స్విచ్‌కు కరెంటును తెచ్చే ఫేజు తీగ ఒక్కటి చాలు. కరెంటు తిరిగి పోయే తీగ, న్యూట్రల్, నేరుగా దీపం దగ్గరికే పోతుంది. ప్లగ్గుకు మాత్రం ఫేజూ న్యూట్రల్ రెండూ కావాలి. అందువల్ల మన ఇళ్లలో చాలా బోర్డుల్లోకి న్యూట్రల్ తీగ దానంతటదే వచ్చి చేరింది. అమెరికాలో స్విచ్ డబ్బా వేరు, ప్లగ్గు డబ్బా వేరు కావడంతో పాత ఇళ్ల స్విచ్‌ల దగ్గర న్యూట్రల్ దొరకదు. అక్కడి విద్యుత్ నియమావళిలో స్విచ్ డబ్బాకు న్యూట్రల్ ఉండాలన్న మాట 2011లో గానీ చేరలేదు. స్మార్ట్ రిలే లోపలి చిన్న కంప్యూటరు రోజంతా మేల్కొని ఉండాలంటే ఫేజూ న్యూట్రల్ రెండూ కావాలి. స్విచ్ పక్కన ప్లగ్గు పెట్టిన పాత మేస్త్రీలు, ఆ సంగతి తెలియకుండానే, దీనికి దారి వేసి పెట్టారు.

తీగలు ఇంటి నిండా పరచుకున్నాయి గానీ కరెంటు నమ్మకంగా ఉండేది కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర భూగర్భంలో ఉన్న శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం సామర్థ్యం 900 మెగావాట్లు. గద్వాల దగ్గరి ప్రియదర్శిని జూరాల కేంద్రానిది 234, దాని దిగువన ఉన్న దిగువ జూరాలది 240 మెగావాట్లు. శ్రీశైలం జలాశయం కింద ఈ ప్రాంతపు ఊళ్లు ఎన్నో మునిగిపోయాయి. అంత ఇచ్చిన నేలకు సాయంత్రం దీపం వేళకు కరెంటు ఉండకపోవడం అన్యాయంగానే తోస్తుంది. ఉత్పత్తి అయిన విద్యుత్తు గ్రిడ్‌లో కలుస్తుంది; ఊరికి ఎన్ని గంటలు ఇవ్వాలన్నది కొరత చూసి వేరేచోట నిర్ణయమవుతుంది. 2012-13లో ఉమ్మడి రాష్ట్రంలో కోతలు ఎంత తీవ్రంగా ఉండేవంటే పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే ప్రకటించారు. పల్లెల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇళ్లలోకి రిలే వచ్చింది ఈ దారినే. మొదట స్టెబిలైజరు. వోల్టేజీ 230 ఉండాల్సింది సాయంత్రానికి బాగా పడిపోయేది. టీవీ తెర కుంచించుకుపోయేది, ఫ్రిజ్ మోటారు మూలిగి ఆగిపోయేది. స్టెబిలైజరులోని రిలేలు ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మీద ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారుతూ వోల్టేజీని సరిచేసేవి. సినిమా నడుస్తుండగా టీవీ పక్క నుంచి వినిపించే టక్ టక్ శబ్దం ఆ రిలేలదే. ఆ తరువాత ఇన్వర్టరు. కరెంటు పోగానే ఇంటి దీపాలను బ్యాటరీ మీదికి మార్చేది కూడా రిలేయే. ఇంటి మీద ట్యాంకు నిండగానే మోటారును ఆపే పరికరంలోనూ అదే ఉంది.

వీటన్నిటినీ మించిన చరిత్ర బోరు మోటారు స్టార్టరుది. స్టార్టరులో ఒక చుట్ట ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ అది మోటారు మీటను పట్టి ఉంచుతుంది, పోగానే వదిలేస్తుంది. మళ్లీ కరెంటు వచ్చినప్పుడు మోటారు దానంతటది తిరగదు. మనిషి వెళ్లి పచ్చ బొత్తాం నొక్కాలి. మోటారు దగ్గర చెయ్యి పెట్టి పనిచేస్తున్న మనిషి ప్రాణం కాపాడటానికి చేసిన ఏర్పాటది. కానీ కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని చోట అదే రైతుకు శాపమైంది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. కరెంటు ఉచితమైంది గానీ మోటారుకు కావలసిన మూడు ఫేజుల సరఫరా రోజుకు ఏడు గంటలే, అదీ విడతలుగా; ఒక విడత తరచు రాత్రి పూట పడేది. టార్చి పట్టుకుని చేను గట్ల మీద నడిచిపోయిన రైతులు పాము కాటుకూ, తడి నేల మీద షాకుకూ బలయ్యారు. తెలంగాణ పల్లెల్లో ఈ చావులు వినని ఊరు అరుదు.

దానికి రైతు వెతుక్కున్న దారి ఆటో స్టార్టరు. మూడు ఫేజులూ వచ్చాయో లేదో చూసుకుని, కొద్ది సెకన్లు ఆగి, రైతు బదులు తానే బొత్తాం నొక్కే పరికరమది. లోపల ఒక టైమరు, ఒక రిలే. ఫోన్ సిమ్‌కార్డుతో నడిచే స్టార్టర్లు కూడా వచ్చాయి. ఇంటి నుంచే ఫోన్ చేసి మోటారు వేయవచ్చు. ఫోన్‌తో దీపం వేయడం పట్టణ సౌకర్యంగా కనిపించవచ్చు. కానీ పల్లె రైతు ఫోన్‌తో మోటారు వేసినది అంతకు ముందే, సౌకర్యానికి కాదు, ప్రాణభయంతో.

ఆటో స్టార్టరుకు నష్టమూ ఉంది. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ దాదాపు ఒకేసారి లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి, కాలినదాని బదులు ఇంకోటి వచ్చేలోపు పైరు ఎండేది. అవసరం ఉన్నా లేకపోయినా బోర్లు నడిచి భూగర్భ జలం అడుగంటేది. తెలంగాణ ప్రభుత్వం 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలుపెట్టే ముందు, 2017లో, ఆటో స్టార్టర్లు తీసేయాలని రైతులను పదేపదే కోరింది. కరెంటు ఎప్పుడూ ఉన్నప్పుడు ఆ రిలేతో పని లేదన్నది వాదన. నిజమే. అయినా ఎన్నో ఏళ్లు మోసపోయిన రైతు దాన్ని పీకేయడానికి తటపటాయిస్తే తప్పు పట్టలేం.

ఇంటి దీపాన్ని దూరం నుంచి నడిపే ప్రయత్నాల్లో పేరొందినది 1975 నాటిది. స్కాట్లండ్‌లోని పికో ఎలక్ట్రానిక్స్ ఆ ఏడాది ఎక్స్-10 అనే పద్ధతిని రూపొందించింది. ఇంటి కరెంటు తీగల మీదనే సంకేతాలు పంపడం దాని విశేషం. అది ఎక్కువగా అమెరికా ఇళ్లకే పరిమితమైంది. సామాన్యుడి గోడలోకి రిలేను తెచ్చినది 2014లో చైనా కంపెనీ ఎస్‌ప్రెసిఫ్ విడుదల చేసిన ఈఎస్‌పీ8266 చిప్. వైఫై, చిన్న కంప్యూటరు రెండూ ఉన్న ఆ చిప్ చాలా చవక. దాని ఆధారంగా చైనా నుంచి సోనాఫ్, అలాంటి చిప్‌లతోనే బల్గేరియా నుంచి షెల్లీ వంటి రిలేలు బయలుదేరాయి. మన దేశంలోనూ చిన్న కంపెనీలెన్నో తయారీకి దిగాయి. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధర పడిపోయింది. తెలంగాణలో కోతలు తగ్గిన కాలమూ దాదాపు ఇదే. నిలకడైన కరెంటు, చవక డేటా, చవక చిప్ మూడూ కొద్ది ఏళ్ల తేడాలో కలిశాయి కాబట్టే ఈ పరికరం పెద్ద నగరాలు దాటి జిల్లా పట్టణాలకు రాగలిగింది.

దీన్ని బిగించే పద్ధతిలో పెద్ద రహస్యం లేదు. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకుని, బోర్డు విప్పుతారు. దీపానికి పోయే తీగను స్విచ్ నుంచి విడదీసి రిలే ఔట్‌పుట్‌కు కలుపుతారు. ఫేజూ న్యూట్రల్ రిలేకు ఇస్తారు. పాత స్విచ్ ఇప్పుడు దీపానికి కరెంటు ఇవ్వదు; తన స్థితి మారిందన్న సంగతిని రిలేకు తెలియజేస్తుందంతే. వైఫై పోయినా గోడ మీది స్విచ్ పనిచేయడం ఈ ఏర్పాటు వల్లనే. ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్ ముట్టనవసరం లేదు.

చిక్కులు పాత వైరింగులో ఉన్నాయి. ఇన్వర్టరు కోసం తరువాత వేసిన లైను న్యూట్రల్‌ను వేరుగా నడిపి ఉంటారు. ఫేజు ఒక లైనుదీ న్యూట్రల్ ఇంకో లైనుదీ కలిస్తే కరెంటు లీకేజీని పట్టే బ్రేకరు పడిపోతుంది. మెట్ల దగ్గర కిందా పైనా స్విచ్‌లుండే దీపానికి తీగల కలయికే వేరు. ఫ్యాన్ వేగాన్ని మామూలు రిలే మార్చలేదు. దానికి కెపాసిటర్ల మెట్లున్న ప్రత్యేక పరికరం కావాలి. 10 ఆంపియర్ల రిలే మీద లెక్క ప్రకారం 2300 వాట్లు పోవచ్చు గానీ 2000 వాట్ల గీజరును రోజూ దాని మీద నడపడం తెలివైన పని కాదు. బిళ్లలు కాలి అతుక్కుపోతే గీజరు ఇక ఆరదు. ఎల్‌ఈడీ దీపాలు వాట్లలో చిన్నవే అయినా వెలిగిన క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. పదింటిని ఒకే రిలేకు కట్టినప్పుడు బిళ్లలు అతుక్కునే ప్రమాదం దానివల్లనే. లోతు తక్కువ డబ్బాలో తీగలను కుక్కి మూత బిగిస్తే వేడి బయటికి పోదు.

పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు రిలే ఏం చేయాలన్నది ఈ ప్రాంతంలో ప్రత్యేకించి అడగవలసిన ప్రశ్న. ఆరి ఉండాలా, వెలగాలా, పోకముందు ఎలా ఉందో అలాగే ఉండాలా అన్నది ఫోన్‌లో ఎంచుకోవచ్చు. పడకగది దీపం అర్ధరాత్రి వెలగకూడదు. వాకిలి దీపం వెలిగినా మంచిదే. మోటారుకైతే ఆరి ఉండటమే క్షేమం, ఆటో స్టార్టరు నేర్పిన పాఠం అదే.

నడిగడ్డ మట్టి మిద్దెల్లో అడ్డంకి ఇంకో రకం. రాతి గోడ దాటేసరికి వైఫై బలం చాలా తగ్గుతుంది. నడిమింట్లో ఉన్న రౌటరు సంకేతం వాకిలి బోర్డుకు అందకపోవచ్చు. బ్యాటెన్ వైరింగు ఉన్నచోట దిమ్మె వెనక ఖాళీయే ఉండదు, అక్కడికి న్యూట్రల్ కూడా రాదు. అలాంటి ఇంట్లో రిలేను స్విచ్ వెనక కాక దీపం హోల్డరు దగ్గరో, మెయిన్ బోర్డు పక్కన విడి డబ్బాలోనో పెట్టడం మేలు. పాత తీగ పైతొడుగు పెళుసుబారి ఉంటే ముందు మార్చవలసినది తీగనే. ఒక్కో రిలే రోజంతా మేల్కొని ఉండటానికి ఒక వాటు వాడుతుందనుకున్నా ఏడాదికి సుమారు 9 యూనిట్లు. ఇరవై రిలేలున్న ఇంట్లో అది 175 యూనిట్లు. బిల్లు తగ్గుతుందని చెప్పి అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

ఇంత చేసి దీన్ని పెట్టించుకోవడానికి కారణం పాలమూరు వలసల్లో ఉంది. ఆనకట్టలకూ కాలువలకూ దేశమంతా మట్టి మోసిన పాలమూరు లేబరు ఇళ్లు ఏడాదిలో సగం కాలం తాళం వేసి ఉండేవి. ఆ తరువాతి తరంలో కొందరు చదువుకుని హైదరాబాదుకూ, గల్ఫుకూ, అమెరికాకూ వెళ్లారు. ఊళ్లో స్లాబు ఇల్లు కట్టారు. అందులో తల్లిదండ్రులు ఇద్దరే ఉంటారు, లేదా ఎవరూ ఉండరు. సాయంత్రం వాకిలి దీపం వెలగడం, మోకాళ్ల నొప్పి ఉన్న తల్లి మంచం మీది నుంచే వంటింటి దీపం ఆర్పగలగడం వాళ్లకు కావలసినవి. తాళం వేసిన కూలీ ఇంట్లో దీపం పెట్టడానికి పక్కింటివాళ్లు ఉండేవారు. ఆ పనిని ఇప్పుడు రిలేకు అప్పగిస్తున్నారు.

కంపెనీ మూతపడితే ఫోన్ యాప్ పనిచేయదన్న భయం మొదటి నుంచీ ఉంది. వేర్వేరు కంపెనీల పరికరాలు ఇంట్లోని నెట్‌వర్క్ మీదనే ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం 2022 అక్టోబరులో వెలువడింది. కొత్త ఇల్లు కట్టేవారికి అంతకన్నా ముందు కావలసినవి పైపులు పరిచే రోజున తేలాలి: ప్రతి బోర్డుకూ న్యూట్రల్, లోతైన డబ్బా, ఇన్వర్టరు లైనుకూ మామూలు లైనుకూ వేర్వేరు గుర్తులు, ఏ తీగ ఎటు పోతుందో గీసిన కాగితం ఒకటి మెయిన్ బోర్డు తలుపు వెనక.